"నన్ను పంపించెయ్యండి" అంటున్న మనిషికి పాలియేటివ్ కేర్ సరైన జవాబేనా?

మీ నాన్నగారికి క్యాన్సర్ ఆఖరి స్టేజ్, ట్రీట్‌మెంట్‌తో ఇక లాభం లేదన్నారు, ఆయనేమో రోజూ "ఏదో ఒక ఇంజెక్షన్ ఇప్పించి నన్ను పంపించెయ్యండిరా" అంటున్నారు, హాస్పిటల్ వాళ్ళు పాలియేటివ్ కేర్‌కి (జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యానికి) రాశారు. మీ డౌట్ ఏంటంటే ఇది నిజంగా యూథనేసియాకి (కారుణ్య మరణానికి, అంటే అడిగిన మనిషికి డాక్టర్ మందిచ్చి ప్రాణం తియ్యడానికి) ప్రత్యామ్నాయమా, లేక అదే పని మార్ఫిన్‌తో మెల్లగా చేసి పేరు మార్చడమా, అదీ కాకపోతే పోతానంటున్న మనిషిని మన తృప్తి కోసం పట్టుకుని కూర్చోవడమా అని. మూడూ న్యాయమైన డౌట్లే. నేను అనస్థీషియాలో మొదలుపెట్టి ఇటు వచ్చిన డాక్టర్ని, చాలా ఏళ్ళుగా చేస్తున్నది ఈ పనే, కాబట్టి చదువుకున్నదీ మంచాల పక్కన చూసిందీ రెండూ కలిపి చెప్తా, కొంచెం పెద్దదవుతుంది.

సూటిగా చెప్పాలంటే: చావు కావాలని అడిగేవాళ్ళలో ఎక్కువమందికి, కనీసం నేను చూసినవాళ్ళలో, సరైన పాలియేటివ్ కేర్ అందాక ఆ కోరిక తగ్గిపోతుంది. అందరికీ తగ్గదు. మార్ఫిన్ పద్ధతిగా ఇస్తే అది మెల్లగా చంపడం కాదు. పనికిరాని ట్రీట్‌మెంట్ వద్దనడం కూడా చంపడం కాదు. ఇంకో మాట, ఇది నా సొంత అభిప్రాయం, "కారుణ్య మరణం తప్పు" అని చెప్పే హక్కు ఆ మనిషి బాధని తగ్గించే బాధ్యత నెత్తినేసుకున్నవాళ్ళకే ఉంటుంది. బాధ్యత తీసుకోకుండా నీతులు చెప్పేవాళ్ళకి ఉండదు.

ముందు ఆ అడగడం సంగతి చూద్దాం, ఎందుకంటే సగం ఎథిక్స్ అక్కడే ఉంది. "చంపెయ్యండి" అన్న మాట వినగానే ఇంట్లోవాళ్ళు హడలిపోయి "అలా అనకండి నాన్నా" అంటారు, డాక్టర్లు వినబడనట్టు ఫైల్ తిరగేస్తారు, బయట ఉన్నవాళ్ళు అది హక్కా పాపమా అని వాదించుకుంటారు. ఎందుకు అంటున్నారో మాత్రం ఎవరూ అడగరు. ఒక పెద్దాయన ఉండేవారు, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకి పాకింది, రోజూ సాయంత్రం అయ్యేసరికి ఇదే మాట. పొద్దున పూట ఎప్పుడూ అనరు. అది నాకు వింతగా అనిపించి చార్ట్ తీసి చూస్తే, 12 గంటలు పనిచేసే మార్ఫిన్ బిళ్ళ పొద్దున 8కి ఒకటి వేస్తున్నారు, రెండోది కొడుకు డ్యూటీ నుంచి వచ్చాక రాత్రి పదింటికి. అంటే ఏడున్నర, ఎనిమిది నుంచి మందు దిగిపోతోంది, రెండోది వేసినా ఎక్కడానికి ఇంకాస్త టైం పడుతుంది, ఆ మధ్యలో ఆయన నరకం చూస్తున్నారు, సరిగ్గా అదే టైంకి కోడలు వచ్చి డైపర్ మారుస్తోంది. నొప్పి ఒక ఎత్తు, కోడలి ముందు ఆ స్థితి ఇంకో ఎత్తు. మందు టైం సరిచేశాం, డైపర్ పనికి ఒక మగ అటెండెంట్‌ని పెట్టారు. ఆ తర్వాత ఆయన ఆ మాట అసలు అనలేదని చెప్పను, నీరసంగా ఉన్న రోజు అనేవారు, కానీ అది "చంపెయ్యండి" నుంచి "విసుగొస్తోందయ్యా" లోకి మారింది. ఆ మొదటి వారంలోనే ఎవరైనా ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే అది ఆయన స్వేచ్ఛని గౌరవించడం అయ్యేదా? మందు టైం తప్పినందుకు ఒక మనిషిని చంపినట్టు అయ్యేది.

ఈ కోరిక ఊగుతూ ఉంటుందనేది నా ఒక్కడి అనుభవం కాదు. కెనడాలో చోచినోవ్ అనే సైకియాట్రిస్ట్ టీమ్ చివరి దశ క్యాన్సర్ పేషెంట్ల దగ్గర బతకాలనే కోరిక ఎంత ఉందో రోజుకి రెండుసార్లు కొలిచి 1999లో రిజల్ట్స్ పబ్లిష్ చేసింది. 12 గంటల తేడాలోనే బాగా పెరిగి తగ్గిన సందర్భాలు ఉన్నాయి, దాన్ని కిందికి లాగేవి ఎక్కువగా డిప్రెషన్, ఆందోళన, ఆయాసం. చావు దగ్గరపడే కొద్దీ ఆయాసం పాత్ర పెరిగింది. అంటే ఆ కోరిక అబద్ధం అని కాదు, ఈ కారణాల్లో చాలావాటికి మన దగ్గర మందులో, మనుషులో ఉన్నారు అని. ఇక ఇంకో కారణం, నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది, "పిల్లలకి భారం అవుతున్నా" అనే ఫీలింగ్. దీన్ని పేషెంట్ నోటితో చెప్పడు. ఖర్చు గురించి పక్కగదిలో మాట్లాడుకుంటే గోడవతల వినబడుతుంది, మీరు అనుకున్నదానికంటే బాగా వినబడుతుంది.

లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ పేషెంట్లని చూసుకునే చోటు) 1967లో పెట్టిన సిసిలీ సాండర్స్ (ఆవిడ నర్స్‌గా, సోషల్ వర్కర్‌గా చేసి తర్వాత డాక్టర్ అయ్యారు) దీన్ని టోటల్ పెయిన్ అన్నారు. ఒంట్లో నొప్పి, మనసులో నొప్పి, ఇల్లూ డబ్బూ బంధాల వల్ల వచ్చేది, "నా బతుక్కి అర్థం ఏంటి" అనేది, అన్నీ కలిపి ఒకటే నొప్పిగా తగులుతాయి. అందుకే మార్ఫిన్ ఒక్కటే ఇచ్చి "పాలియేటివ్ కేర్ ఇచ్చాం, అయినా చావే అడుగుతున్నాడు" అంటే నేను ఒప్పుకోను. అది కేర్‌లో పావు వంతు.

ఇప్పుడు మార్ఫిన్ మెల్లగా చంపుతుందా అన్న దానికి వస్తా. చిన్న డోస్‌తో మొదలుపెట్టి, నొప్పిని బట్టి మెట్టు మెట్టుగా పెంచితే శ్వాస ఆగిపోయే దాకా వెళ్ళదు. దానికంటే ముందే మత్తు ఎక్కువవుతుంది, మనిషి మగతగా ఉంటాడు, అది చూసి మేం డోస్ తగ్గిస్తాం. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళలో జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి, కొన్నిసార్లు మందే మారుస్తాం. నిజానికి మార్ఫిన్‌తో గ్యారంటీగా వచ్చే ఇబ్బంది మలబద్ధకం, మొదటి రోజు నుంచే విరేచనాల మందు రాయని డాక్టర్ కనిపిస్తే అడగండి. ప్రాణం తీసేది దీనికి పూర్తిగా వేరు, అది అలవాటు లేని ఒంటికి ఒకేసారి గుప్పించిన డోస్. చంపాలనుకున్నవాడు ఇచ్చే పద్ధతీ, నొప్పి తగ్గించాలనుకున్నవాడు ఇచ్చే పద్ధతీ చార్ట్ చూస్తే తెలిసిపోతుంది, మనసులో ఏముందో దేవుడికే తెలియాలి అనేంత మిస్టరీ ఏం కాదు.

ఈ భయం వల్ల జరిగేది ఒకటి చెప్తా. ఒక ఇంట్లో కూతురు నర్సింగ్ నోట్‌బుక్‌లో ఫుల్ డోస్ ఇచ్చినట్టు రాస్తోంది, సిరంజిలో మాత్రం సగం గీత వరకే తీస్తోంది. తల్లి రాత్రంతా మూలుగుతోంది. సీసాలో మిగిలిన మందు చూసి మా నర్స్ పట్టుకుంది. గట్టిగా అడిగితే ఆ అమ్మాయి ఏడుస్తూ, "నేను ఇచ్చిన డోస్ తర్వాతే అమ్మ పోతే?" అంది. దీనికి జవాబు ఏంటంటే, ఎవరో ఒకరు ఇచ్చిన డోసే ఆఖరి డోస్ అవుతుంది, నాలుగు గంటలకోసారి మందు వేస్తున్నప్పుడు ఏ క్షణంలో ప్రాణం పోయినా దానికి ముందు ఒక డోస్ ఉంటుంది. డోస్ తర్వాత పోవడం వేరు, డోస్ వల్ల పోవడం వేరు. మీ ఇంట్లో మందు ఇచ్చే డ్యూటీ ఎవరిదైతే వాళ్ళకి ఈ మాట ముందే చెప్పండి, పోయాక చెప్తే నమ్మరు.

ఫిలాసఫీలో దీనికి డబుల్ ఎఫెక్ట్ అని ఒక సూత్రం ఉంది, 13వ శతాబ్దంలో థామస్ అక్వైనాస్ ఆత్మరక్షణ గురించి రాసిన దగ్గర దాని మూలాలు వెతుకుతారు. మంచి కోసం చేసిన పనికి చెడు ఫలితం కూడా రావచ్చని తెలిసినా, ఆ చెడుని కోరుకోకపోతే, ఆ చెడే మంచికి దారి కాకపోతే, మంచి అంత బరువైనదైతే, ఆ పని చెయ్యొచ్చు. 1957లో ఇంగ్లండ్‌లో ఒక డాక్టర్ మీద మర్డర్ కేసు నడిచినప్పుడు జడ్జి డెవ్లిన్ కూడా ఈ లైన్‌లోనే, నొప్పి తగ్గించడానికి అవసరమైనది డాక్టర్ చెయ్యొచ్చు, దానివల్ల ఆయుష్షు కాస్త తగ్గినా సరే అని జ్యూరీకి చెప్పారు. నేను వాడే టెస్ట్ ఇంకా సింపుల్. మందు ఇచ్చాక పేషెంట్ నొప్పి లేకుండా పొద్దున్నే లేచి కూర్చుంటే నేను సంతోషిస్తానా, పని అవ్వలేదనుకుంటానా? యూథనేసియా ఇంజెక్షన్ ఇచ్చాక మనిషి బతికుంటే అది ఫెయిల్ అయినట్టు లెక్క. నా పనిలో అది సక్సెస్. అన్నట్టు ఈ సూత్రాన్ని మావాళ్ళు అవసరానికి మించి వాడతారు కూడా, ప్రతి మార్ఫిన్ చుక్కకీ దాన్ని అడ్డం పెట్టుకుంటే "అయితే ఆయుష్షు తగ్గుతుందన్నమాట" అని జనం అనుకుంటారు. ఎక్కువ కేసుల్లో తగ్గనే తగ్గదు కాబట్టి దాని అవసరమే రాదు. 2010లో అమెరికాలో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్ళు పబ్లిష్ చేసిన ట్రయల్‌లో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన 151 మందిలో సగం మందికి మామూలు ట్రీట్‌మెంట్‌తో పాటు మొదటి నుంచే పాలియేటివ్ కేర్ ఇస్తే, ఆ సగం మంది మిగతావాళ్ళకంటే మెరుగ్గా బతకడమే కాదు కాస్త ఎక్కువ కాలం బతికారు, మీడియన్ లెక్కన (అంటే సగం మంది దాటిన కాలం) 8.9 నెలలకి బదులు 11.6 నెలలు. ఒక్క ట్రయల్ పట్టుకుని ఆయుష్షు పెంచుతుందని నేను ప్రచారం చెయ్యను, కానీ తగ్గిస్తుందనేవాళ్ళకి ఇది చూపిస్తా.

ట్రీట్‌మెంట్ ఆపడం సంగతి. వెంటిలేటర్ వద్దు, ఇంకో కీమో వద్దు, గుండె ఆగితే నొక్కకండి అని చెప్పడం పేషెంట్ హక్కు, దీన్ని చాలా దేశాల చట్టాలు యూథనేసియా నుంచి విడిగా చూస్తాయి. అమెరికా సుప్రీంకోర్టు 1997లో ఈ తేడా సబబేనంది, ఇండియా సుప్రీంకోర్టు 2018లో లివింగ్ విల్‌ని (చివరి దశలో ఏ ట్రీట్‌మెంట్ వద్దో మనిషి ముందే రాసిపెట్టుకునే కాగితాన్ని) గుర్తించింది. అయితే 1975లో జేమ్స్ రేచల్స్ అనే ఫిలాసఫర్ ఈ తేడా డొల్ల అని వాదించాడు. ఆస్తి కోసం ఒకడు పిల్లాడిని బాత్‌టబ్‌లో ముంచి చంపాడు, ఇంకొకడు చంపాలనే వెళ్ళి పిల్లాడు జారి తనంతట తనే మునుగుతుంటే చూస్తూ నిలబడ్డాడు, ఇద్దరిలో ఎవడు మంచోడు? ఎవడూ కాదు. కాబట్టి చంపడానికీ చావనివ్వడానికీ నైతికంగా తేడా లేదంటాడు. నా జవాబు, ఆ ఇద్దరి ఉద్దేశం ఒకటే కాబట్టి తేడా కనబడట్లేదు, వెంటిలేటర్ తీసే డాక్టర్ ఉద్దేశం అది కాదు, పైగా అక్కడ ప్రాణం తీసేది జబ్బు, పిల్లాడిని చెయ్యి పెడితే పైకి తియ్యొచ్చు, ఈ జబ్బుని ఎవరూ తియ్యలేరు. కానీ ఆయన ఇంకోటి అన్నాడు, అది మాత్రం నిజం: ట్రీట్‌మెంట్ ఆపేసి మనిషిని అలా నెమ్మదిగా పోనివ్వడం ఒక్కోసారి చంపడం కంటే క్రూరం. అవును, బాధ తగ్గించే ఏర్పాటు లేకుండా "ఇంటికి తీసుకెళ్ళండి, ఇక ఏం లేదు" అని డిశ్చార్జ్ రాసి పంపే ప్రతిసారీ అదే జరుగుతోంది. ట్రీట్‌మెంట్ ఆపొచ్చు, కేర్ ఆపకూడదు.

నిజంగా బూడిద రంగు ఏరియా ఎక్కడంటే పాలియేటివ్ సెడేషన్. అన్ని మందులూ వాడినా లొంగని లక్షణం ఉన్నప్పుడు, చివరి గంటల్లో, చివరి రోజుల్లో, మిడజోలం లాంటి మందుతో స్పృహ తగ్గించి పడుకోబెడతాం. మెడలో గడ్డ పెద్ద రక్తనాళం మీదికి వచ్చినవాళ్ళ ఇంట్లో ముదురు రంగు టవళ్ళు మంచం పక్కన మడతపెట్టి ఉంచమంటాం, ఎందుకంటే ఒక్కసారిగా రక్తం వస్తే తెల్ల గుడ్డ మీద అది చూసి పేషెంటూ ఇంట్లోవాళ్ళూ ఇద్దరూ భయంతో బిగుసుకుపోతారు, పక్కనే నింపిన సిరంజి ఉంటుంది, ఆ క్షణంలో ఆ మనిషికి తెలియకుండా చెయ్యడమే మనం చెయ్యగలిగింది. దాంట్లో నాకు ఏ సందేహమూ లేదు. కానీ ఇంకా నెలలు బతికే మనిషిని, తిండీ నీళ్ళూ లేకుండా, పూర్తి మత్తులో, పోయేదాకా ఉంచమంటే? అది పేరు మార్చిన యూథనేసియా అని విమర్శకులు అంటారు, నేను కాదనలేను, అందుకే చెయ్యను. లక్షణానికి తగినంత మత్తు, ఆయుష్షు ఎలాగూ రోజుల్లోకి వచ్చినప్పుడు, ఎందుకు ఎంత ఇచ్చామో అన్నీ రాసిపెట్టి. మనసు తాలూకు బాధ అయితే ఒక రోజో రెండ్రోజులో పడుకోబెట్టి మళ్ళీ లేపి చూస్తాం, కొందరు నిద్రపట్టాక వేరే మనిషిలా లేస్తారు.

ఇప్పుడు మా ఫీల్డ్ వాళ్ళు చెప్పడానికి ఇష్టపడనిది. పాలియేటివ్ కేర్ బాగుంటే ఎవరూ చావు అడగరు అనేది నిజం కాదు. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రంలో 1997 నుంచి డాక్టర్ రాసిన మందు తీసుకుని తనువు చాలించే చట్టం అమల్లో ఉంది, అక్కడ దాన్ని వాడుకున్నవాళ్ళలో అత్యధికులు అప్పటికే హాస్పిస్ కేర్‌లో ఉన్నవాళ్ళు. వాళ్ళు చెప్పే మొదటి కారణాల్లో నొప్పి ఉండదు. నా మీద నాకు అదుపు పోతోంది, ఇష్టమైనవి చెయ్యలేకపోతున్నా, గౌరవం పోతోంది, ఇవి ఉంటాయి. నేను చూసిన ఒకాయనకి మోటార్ న్యూరాన్ జబ్బు (కండరాలని నడిపే నరాలు ఒక్కొక్కటిగా పాడైపోయేది), మాట పోయింది, ఒక వేలితో టాబ్లెట్ మీద టైప్ చేసేవారు. నొప్పి లేదు, డిప్రెషన్ లేదని సైకియాట్రిస్ట్ చెప్పారు, భార్య ఎంతో బాగా చూసుకుంది. అయినా అదే అడిగారు, తర్వాతి విజిట్‌లోనూ అదే, తార్కికంగా, కోపం లేకుండా. నా దగ్గర ఆయన కోరికకి మందు లేదు. చంపలేను అని చెప్పా, మీరు అడగడం తప్పు అని మాత్రం అనలేదు. ట్యూబ్ వద్దు, వెంటిలేటర్ వద్దు, ఇన్ఫెక్షన్ వస్తే యాంటీబయాటిక్ వద్దు అని ఆయనే రాయించుకున్నారు, ఆయాసానికి మాత్రం ఏం కావాలంటే అది ఇస్తానని మాటిచ్చా, న్యుమోనియా వచ్చినప్పుడు ఇచ్చా. ఆయన సంతృప్తి పడ్డారా అంటే, సగం.

అలాంటివాళ్ళ కోసం చట్టం ఉండాలా? నెదర్లాండ్స్, బెల్జియం 2002లో ఉండాలన్నాయి, కెనడా 2016లో అంది. బెల్జియం అదే ఏడాది పాలియేటివ్ కేర్‌ని కూడా పేషెంట్ హక్కుగా చట్టం చేసింది, అక్కడ కొందరు డాక్టర్లు రెండూ ఒకే చేత్తో చేస్తారు, వాళ్ళని రాక్షసులనుకోవద్దు. డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) 2002 నిర్వచనం మాత్రం పాలియేటివ్ కేర్ ఉద్దేశం చావుని తొందరపెట్టడమూ కాదు, వాయిదా వెయ్యడమూ కాదు అంది, యూరప్ పాలియేటివ్ డాక్టర్ల సంఘం కూడా యూథనేసియా ఇందులో భాగం కాదనే అంటుంది. నేను ఈ వైపే. కారణం మతం కాదు. నేను గదిలోకి సిరంజితో వచ్చినప్పుడు అందులో ఏముందో అని పేషెంట్ ఒక్క క్షణం కూడా అనుమానపడకూడదు, ఆ నమ్మకం పోతే నొప్పి మందు కూడా వేయించుకోరు. ఇంకోటి, కేర్ దొరకని చోట చావు సులువుగా దొరికితే అది ఛాయిస్ అనిపించుకోదు.

కానీ అదే కత్తి ఇటువైపు కూడా తిరుగుతుంది. ప్రపంచంలో ఏటా సుమారు 5 కోట్ల 68 లక్షల మందికి పాలియేటివ్ కేర్ అవసరమైతే అందేది దాదాపు 14 శాతం మందికేనని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. మార్ఫిన్ చవకైన పాత మందు, అయినా చాలా దేశాల్లో లైసెన్సుల భయంతో ఫార్మసీలు స్టాక్ పెట్టవు, డాక్టర్లు రాయరు. ఈ పరిస్థితిలో "యూథనేసియా ఎందుకండీ, పాలియేటివ్ కేర్ ఉందిగా" అని స్టేజీ ఎక్కి చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎక్కడుంది? మిగతా 86 శాతం మంది విషయంలో ఆ మాట ప్రత్యామ్నాయం చూపించడం కాదు, తలుపు మూసెయ్యడం.

మీ విషయానికొస్తే, ఈ రాత్రి నాన్నగారు మళ్ళీ అంటే "అలా అనకండి" అనొద్దు, పక్కన కూర్చుని "అన్నిటికంటే ఏది ఎక్కువ కష్టంగా ఉంది నాన్నా" అని అడగండి, అడిగాక మీరు మాట్లాడకండి, ఆయనకి మాట రావడానికి టైం పడుతుంది. ఏ టైంలో అంటున్నారో ఒక కాగితం మీద రాసుకోండి, మందుల టైం పక్కనే రాయండి. పాలియేటివ్ టీమ్‌ని మొదటి విజిట్‌లోనే ఇవి అడగండి: మధ్యలో నొప్పి వస్తే ఎక్స్‌ట్రా డోస్ ఎంత, రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఆయాసం వస్తే ఇంట్లో ఏ మందు ఉంచుతారు, ఏదీ పనిచెయ్యకపోతే సెడేషన్ చేస్తారా, ఎవరు ఎప్పుడు నిర్ణయిస్తారు. వీటికి తడబడకుండా జవాబు చెప్పే టీమ్ అయితే నిశ్చింతగా వెళ్ళండి, "చూద్దాంలెండి" అంటే ఇంకో టీమ్ దొరుకుతుందేమో వెతకండి. డిప్రెషన్ ఉందేమో ఒకసారి చూపించండి, ఈ జబ్బులో అది మామూలే అని వదిలేస్తారు కానీ మందుకి తగ్గుతుంది. నాన్నగారికి తెలివి బాగున్న రోజే ఐసీయూ కావాలా వద్దా, ఎక్కడ ఉండాలనుకుంటున్నారు, తన తరఫున మీ అన్నదమ్ముల్లో ఎవరు మాట్లాడాలి అన్నది ఆయన నోటితోనే చెప్పించి రాసి, అందరూ సంతకాలు పెట్టి ఒక కాపీ ఫైల్లో ఉంచండి. ఊరి నుంచి చివరి రోజున దిగి "ఎందుకు వెంటిలేటర్ పెట్టలేదు" అని గొడవ చేసే చుట్టం ప్రతి ఇంట్లోనూ ఒకరు ఉంటారు, వాళ్ళకి కూడా ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.